నేల ఆరకముందే



దసరా వెళ్ళింది, దీపావళి ముందుంది. పల్లెటూళ్ళో సొంత ఇల్లూ, వెనక కాస్త దొడ్డీ, గొడ్లపాకా, నాలుగు కొబ్బరిచెట్లూ ఉన్నవాళ్ళకు చేతినిండా పనుండే రోజులివి. అయినా ఈ పనుల ఊసు ఎవరూ పెద్దగా ఎత్తరు. పొలానికైతే కార్తెలున్నాయి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు పెద్దలు. హస్తలో ఎంత పడింది, చిత్తలో ఎంత పడింది అని అరుగుల మీద కూర్చుని లెక్కలు చెప్పుకుంటాం. దొడ్డి దగ్గరికొచ్చేసరికి మాత్రం, తీరుబడిగా చూసుకుందాంలే అంటాం. ఆ తీరుబడి సంక్రాంతి దాటాక గానీ దొరకదు. అప్పటికి నేల గునపం దిగనంతగా బిగిసిపోతుంది.

నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడిమికల్లా మన వైపు నుంచి వెనక్కి మళ్ళుతాయి. ఈశాన్య రుతుపవనాలు కుదురుకోవడానికి మరికొన్నాళ్ళు పడుతుంది. ఆ రెండు వానల సందున ఎండ చురుక్కుమంటుంది, కింద మట్టి మాత్రం ఇంకా మెత్తగా, పదునుగా ఉంటుంది. ఈ పదును ఉన్నన్నాళ్ళే కొన్ని పనులు సులువు. మరికొన్నయితే అది పోయాక అసలు సాధ్యమే కావు. నేను కృష్ణా డెల్టా మనిషిని కాబట్టి నల్లరేగడి సంగతే ఎక్కువగా చెబుతాను. ఎర్రనేలల వాళ్ళు, ఇసుక నేలల వాళ్ళు తమ నేల ఎంత త్వరగా ఆరుతుందో చూసుకుని రోజులు ముందుకో వెనక్కో జరుపుకోవాలి.

ముందు రాటల సంగతి. దడి కట్టాలన్నా, పందిరి వేయాలన్నా, పాకకు ఒక పక్క ఆసరా నిలబెట్టాలన్నా గొయ్యి తవ్వాల్సిందే. ఇప్పుడైతే గునపంతో నాలుగు పోట్లు పొడిచి మట్టి చేత్తో తోడేయొచ్చు. అయితే రేగడి మట్టికి ఒక గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. తవ్వి తీసిన మట్టినే మళ్ళీ రాట చుట్టూ పూడిస్తే ఇవాళ బిగువుగానే ఉంటుంది. మాఘమాసానికి రాట చుట్టూ వేలు దూరేంత సందు పడుతుంది. గేదె ఒకసారి ఒళ్ళు రుద్దుకుందంటే రాట ఊగుతుంది. అందుకని ఆ మట్టి పక్కన పెట్టి, పగిలిన ఇటుక ముక్కలూ కంకరా వేస్తూ, జానెడు మందాన పోసినప్పుడల్లా కర్రతో దట్టించాలి. రాట పొడవులో నాలుగో వంతు నేలలో ఉండాలి. గాలి ధాటిగా తగిలే చోట మూడో వంతు ఉంటే నిశ్చింత.

కర్ర రాట ఎప్పుడూ నేలమట్టం దగ్గరే విరుగుతుంది, గమనించారా? లోతున ఉన్న భాగానికి గాలి తక్కువ, పైన ఉన్న భాగానికి తేమ తక్కువ. చీకు పట్టడానికి రెండూ కావాలి, రెండూ కలిసేది నేలకు కాస్త పైనా కాస్త కిందా. కాబట్టి తారు పూసేవాళ్ళు ఆ జానెడున్నర మేర దట్టంగా, రెండు పూతలుగా పూయండి. మొదలు దగ్గర మట్టిని కొంచెం ఎత్తు చేసి నీళ్ళు బయటికి జారేట్టు పెడితే రాట మరి కొన్నేళ్ళు నిలుస్తుంది.

ముళ్ళతీగ కొనడానికి బజారుకెళ్ళే ముందు ఒక్కసారి పచ్చికంచె గురించి ఆలోచించండి. గ్లైరిసీడియా కొమ్మలు చాలా ఊళ్ళలో దొరుకుతాయి. బొటనవేలి కన్నా లావుగా ముదిరిన కొమ్మను చేతికర్రంత పొడవున కోసి, అడుగు లోతున నాటితే ఈ పదునులోనే వేరు పట్టేస్తుంది. అది చిక్కుడు జాతి చెట్టు, గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు మండలు కొట్టి కొబ్బరి పాదుల్లో వేసుకోవచ్చు. వీధి వైపు అందంగా ఉండాలనుకుంటే గోరింట పెట్టండి. కత్తిరించిన కొద్దీ దట్టమవుతుంది, లోపల ముళ్ళుంటాయి కాబట్టి మేక కూడా చొరబడదు. ముళ్ళతీగ ఏళ్ళు గడిచేకొద్దీ తుప్పు పడుతుంది. పచ్చికంచె ఏటేటా చిక్కబడుతుంది.

ఇక చిక్కుడు పందిరి. వానలు మొదలైన కొత్తలో పాదు పెట్టిన ఇళ్ళలో తీగ ఈపాటికి పాక మీదికెక్కి ఉంటుంది. ఆకు నల్లగా నిగనిగలాడుతుంటుంది, పువ్వు ఒక్కటి ఉండదు. "ఇది గొడ్డుతీగ, పీకి పారేద్దాం" అనే మాట చాలా దొడ్లలో వినబడేది ఈ రోజుల్లోనే. పీకకండి. మన పాత తీగ చిక్కుడు రకాలు పగలు కురచ అయితే గానీ పూతకు రావు. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానంగా ఉంటాయి, ఆ తర్వాత డిసెంబరు 22 దాకా పగలు తగ్గుతూనే ఉంటుంది. విజయవాడ దగ్గర ఆ మూడు నెలల్లో తగ్గేది మొత్తం కలిపి గంట సేపే. మనకు తెలియనే తెలియని ఆ తేడా తీగకు తెలుస్తుంది. కార్తీకంలో పూత దిగుతుంది, సంక్రాంతికి కాయ, రథసప్తమికి పూజలోకి ఆకు. రాత్రంతా వెలిగే వీధిదీపం కింద పందిరి వేసుకున్నవాళ్ళకు పూత ఆలస్యం కావచ్చు, చోటు మార్చుకునే వీలుంటే మార్చండి. పందిరి ఎత్తు మాత్రం కాయ కోసేవాళ్ళ చేతికి అందేట్టు ఉండాలి. పొడుగాటి మగవాడు తన తల తగలకుండా వేసిన పందిరి కింద ఇంటి ఇల్లాలు పీట వేసుకుని ఎక్కాల్సి రావడం నాకు నచ్చదు.

చలి తిరిగాక ఆ లేత చిగుళ్ళకు పేనుబంక పడుతుంది. తెల్లవారుఝామున ఆకు మీద మంచు తడి ఉండగా జల్లెడ పట్టిన బూడిద చల్లితే మొదటి దశలో అదుపులోకి వస్తుంది. ముదిరితే లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొంచెం సబ్బునీళ్ళు చాలు. అక్షింతల పురుగులు కనిపిస్తే ఆ కొమ్మ జోలికి పోకండి, మన పని అవే చేస్తాయి.

పగటి నిడివి కొలిచేది చిక్కుడు ఒక్కటే కాదు. పాకలో ఉన్న గేదె కూడా కొలుస్తుంది. గేదెలు ఎక్కువగా ఎదకొచ్చేది పగలు తగ్గే ఈ నెలల్లోనే. ఎండాకాలం అంతా ఎద చూపని గేదె ఇప్పుడు చూపుతుంది. అయితే గేదెది చాలావరకు మూగ ఎద. ఆవులా అరిచి గోల చేయదు, రాత్రిపూటో తెల్లవారుఝామునో లక్షణాలు కనబడి పొద్దెక్కేసరికి సద్దుమణుగుతాయి. పొద్దున్నే పేడ తీసేటప్పుడు తోక కింద జిగురు తీగలు వేలాడుతున్నాయా అని చూడడం ఈ రెండు నెలలూ రోజువారీ పనిగా పెట్టుకోవాలి. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున చూడి కట్టే సూది వేయించాలి. గేదె చూడికాలం సుమారు పది నెలల పది రోజులు. ఈ కార్తీకంలో దాటిపోయిన ఎద అంటే వచ్చే ఏడాది పాలు దాటిపోయినట్టే. గాలికుంటు టీకా సంగతి కూడా పశువుల ఆస్పత్రిలో అడిగి తెలుసుకోండి. జాతీయ పథకం కింద 2019 నుంచి ఇది ఉచితంగా వేస్తున్నారు. టీకా వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చిన రోజు పశువుల్ని మేతకు తోలేయకుండా పాకలోనే ఉంచితే వాళ్ళకూ మీకూ శ్రమ తప్పుతుంది.

గట్ల మీద, దొడ్డి అంచున వదిలేసిన గోగు కూడా ఇదే లెక్కన పూతకొస్తుంది. నార కావాలంటే సగం మొక్కలు పూసిన దశలో కోయాలి. ముందు కోస్తే నార తక్కువ, ముదిరాక కోస్తే బిరుసు. కట్టలు కట్టి రెండు మూడు రోజులు నిలబెడితే ఆకు రాలిపోతుంది. తర్వాత నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు బరువు పెట్టి ఊరబెట్టాలి. బరువుకు అరటి బోదెలూ మట్టిగడ్డలూ వాడితే నార నల్లబడుతుంది, రాళ్ళు పెట్టండి. రెండు మూడు వారాల్లో కట్టె నుంచి బెరడు దానంతటది జారుతుంటే ఊరినట్టు. ఊరి చెరువులో మాత్రం వేయకండి. కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువు అంతా పోయి చేపలు చచ్చిపోతాయి. ఇంటికి సరిపడా నారకు విడిగా ఒక గుంట చాలు.

ఇంత శ్రమ ఎందుకు, బజార్లో నైలాన్ తాడు దొరకదా అంటారు. దొరుకుతుంది. దూడ మెడ చుట్టూ ఒకసారి చేయి పెట్టి చూడండి, నైలాన్ తాడు ఒరుసుకున్న చోట వెంట్రుకలు ఊడి, చర్మం కందిపోయి ఉంటుంది. గోగునార పలుపు మెత్తగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. తాడు పేనడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నారు. సెలవుల్లో మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు పలుపులు పేనించండి. మిగిలిన గోగుకట్టెలు ఎటూ పిల్లలు దివిటీలు కొట్టడానికి పనికొస్తాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని గురించి చెబుతాను. అది తేగల పాతర. శ్రావణ భాద్రపదాల్లో రాలిన తాటిపండ్ల గుజ్జు పిండుకున్నాక టెంకలు ఎక్కడో ఒక మూల పోగుపడి ఉంటాయి. ఇంకా పాతర వేయని వాళ్ళు వెంటనే వేయండి. టెంక నుంచి వచ్చే మొలక మనకు తెలిసిన మొలకల మాదిరి పైకి రాదు. ముందు కిందికి దిగుతుంది. మొలక కుచ్చు ఒక కాడ చివరన భూమిలోకి దిగి, టెంకలోని గట్టి కొబ్బరి అంతా కరిగి ఆ కాడ గుండా కిందికి చేరి, అక్కడ పిండి నిండిన దుంపగా ఊరుతుంది. అదే తేగ. ఈ సంగతి అర్థమైతే పాతర ఎలా వేయాలో వేరే చెప్పనక్కర్లేదు. చదును నేల మీద వేస్తే తేగ గట్టి మట్టిలోకి దిగుతుంది, తవ్వేటప్పుడు సగంలో విరుగుతుంది. కాబట్టి ఇసుకా వదులు మట్టీ కలిపి రెండడుగుల ఎత్తున తిన్నె పోసి, దాని మీద టెంకలు ఒకదాని పక్కన ఒకటి ఆనించి పరిచి, పైన పలచగా మట్టీ గడ్డీ కప్పాలి. తిన్నె ఆరిపోకుండా అప్పుడప్పుడు తడపాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. మూడు నాలుగు నెలలకు, సంక్రాంతి నాటికి పక్క నుంచి తిన్నె కూలగొడితే తేగలు విరక్కుండా చేతికొస్తాయి. టెంక చీలిస్తే లోపల బుర్రగుంజు ఉంటుంది. కుండలో పెట్టి కాల్చిన తేగను చీల్చి, నడుమన ఉన్న చందమామ కోసం పోట్లాడుకోని పల్లెటూరి పిల్లలు ఒకప్పుడు లేరు.

ఒక్కటే కోరతాను. పాతరలోని టెంకలు కొన్ని తీసి చెరువుగట్టునా, పొలం సరిహద్దునా పాతి వదిలేయండి. తాడిచెట్టు కాపుకు రావడానికి పదిహేనేళ్ళో అంతకన్నా ఎక్కువో పడుతుంది, అందుకే ఎవరూ నాటరు. పాతవి ఇటుక బట్టీలకీ, దూలాలకీ పోతున్నాయి. తుపాను గాలికి కొబ్బరి వేళ్ళతో లేచిపోయిన చోట కూడా తాడి నిలబడడం తీరప్రాంతం వాళ్ళు ఎన్నోసార్లు చూశారు. ఇంటికి సముద్రం వైపున తాళ్ళ వరుస ఉంటే అది గాలికి అడ్డుకట్ట.

తుపాను మాట వచ్చింది కాబట్టి అక్కడికే వస్తాను. ఈ నెలలంటే మన తీరానికి గుబులు. దివిసీమను ఉప్పెన ముంచింది 1977 నవంబరు 19న. కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగింది 1996 నవంబరు 6న. హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ ఉద్దానాన్ని చిదిమేసింది 2018 అక్టోబరు 11న. నాలుగూ ఈ రెండు నెలల్లోనే. వాయుగుండం అని రేడియోలో చెప్పాక పరుగులు పెట్టే పనులు కొన్నుంటాయి, దానికి ముందే నింపాదిగా చేసుకోవాల్సినవి కొన్నుంటాయి. నింపాదిగా చేసుకోవాల్సినవే ఎక్కువ.

కొబ్బరి దింపు తీయించడం వాటిలో మొదటిది. ముదిరిన గెలలూ, ఎండి వేలాడే మట్టలూ తీయిస్తే చెట్టు తలబరువు తగ్గుతుంది, గాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడే ప్రమాదమూ తప్పుతుంది. పచ్చిమట్టలు మాత్రం నరికించకండి, చెట్టుకు తిండి పెట్టేవి అవే. ఇంటి మీదికి, కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మలు ఇప్పుడే కొట్టించాలి. తీగలకు తగులుతున్నవైతే లైన్‌మన్‌కు చెప్పి, కరెంటు ఆపించాకే చెట్టెక్కాలి. పాక మీద రేకులుంటే కొక్కేలు, నట్లు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడండి. వదులైన ఒక్క రేకు చాలు, దాని కింద గాలి దూరితే వరుస మొత్తం లేస్తుంది. మురుగు కాలవ దొడ్డి నుంచి వీధి కాలవలో కలిసే చోట ఏడాది పొడుగునా పేరుకున్న ఆకులూ ప్లాస్టిక్ సంచులూ తీసేయండి. ఆఖరి మాట, ఇది పరుగులు పెట్టే రోజు మాట. గట్టిగా హెచ్చరిక వచ్చి మీరు ఇల్లు వదిలి వెళ్ళాల్సొస్తే, వెళ్ళేముందు పశువుల పలుపులు విప్పండి. విప్పిన పశువు మెరక వెతుక్కుంటుంది. కట్టేసిన పశువుకు ఆ అవకాశం మనం లేకుండా చేసినట్టే. ట్రాన్సిస్టర్‌కు కొత్త బ్యాటరీలు కొని పెట్టుకోండి. సెల్ టవర్లు పడిపోయినా రేడియో వినబడుతుంది.

కొబ్బరి గురించే ఇంకొకటి. కొత్త ఆకు విచ్చుకున్నప్పుడు దాని మీద త్రిభుజాకారంలో కోతలు కనిపిస్తున్నాయంటే కొమ్ముపురుగు మొవ్వు తొలిచిందన్నమాట. మందు కోసం చెట్టు పైకి చూస్తాం గానీ, పురుగు పుట్టింది మన పెంటకుప్పలో. మాగుతున్న పేడలోనూ, చీకిన కొబ్బరి మొద్దుల్లోనూ అది గుడ్లు పెడుతుంది, తెల్లగా వంకర తిరిగి ఉండే లావుపాటి గొంగళ్ళు నెలల తరబడి అక్కడే పెరుగుతాయి. వానలు తెరిపిచ్చిన ఈ రోజుల్లో కుప్పను ఒక మూల నుంచి తిరగేస్తూ వస్తే గొంగళ్ళు బయటపడతాయి, మిగతా పని కోళ్ళు చూసుకుంటాయి. తిరగేసిన కుప్ప మీద తాటాకులో కొబ్బరిమట్టలో కప్పి, చుట్టూ చిన్న గాడి తీయండి. ఎరువు సారం వాననీటితో కాలవలో కలిసిపోకుండా ఉంటుంది.

మామిడిచెట్లున్న దొడ్లలో ఇప్పుడు చేయవలసిన పని ఏమీ చేయకపోవడమే. నూజివీడు వైపు తోటల వాళ్ళకు ఇది కొత్త కాదు. అక్టోబరు, నవంబరు నెలల నుంచి చెట్టుకు నీళ్ళు కట్టడం ఆపాలి. నేల ఆరి, చలి తగిలి, చెట్టు చిగురు పెట్టడం మానితేనే పూతకు సిద్ధమవుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్ళు పెట్టొచ్చు. కూరమళ్ళకు పెట్టే నీళ్ళు మామిడి మొదట్లోకి పారకుండా బోదె మళ్ళించండి. అదే తడి మీద కూరమళ్ళలో కొత్తిమీర వేసేవాళ్ళు ధనియాలను చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేసి చల్లితే మొలక బాగా వస్తుంది.

బావి ఉన్నవాళ్ళకు ఇప్పుడు నీళ్ళు పైపైకి ఉంటాయి. చేద ముంచితే చేతికందే నీళ్ళు చూడ్డానికి బాగుంటాయి గానీ, దొడ్లోని మురికి కూడా అంత దగ్గరగా వచ్చిందని అర్థం. ఒరల సందులు, చప్టా పగుళ్ళు సిమెంటుతో పూడ్చి, పడ్డ నీళ్ళు బావి వైపు కాక బయటికి పోయేట్టు వాలు పెట్టాలి. తాగే బావికి బ్లీచింగ్ పౌడర్ లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. రెండు మీటర్ల అడ్డుకొలత, అయిదు మీటర్ల లోతు నీళ్ళున్న బావిలో దాదాపు 15,700 లీటర్లుంటాయి, అంటే 40 గ్రాములు సరిపోతుంది. పొడిని నేరుగా బావిలో పోయొద్దు. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి పేరుకున్నాక పై తేట మాత్రం పోసి, చేదతో నాలుగుసార్లు కలియదిప్పి, గంట ఆగి తోడుకోండి. అంతకంటే సాయంత్రం పోసి పొద్దున తోడుకోవడం మేలు.

వానలకు ఏపుగా పెరిగిన గడ్డి కోసేటప్పుడు పాము సంగతి మరవకూడదు. ముందు పొడుగాటి కర్రతో గడ్డిని తట్టి, నాలుగు అడుగులు చప్పుడు చేస్తూ నడిచి, తర్వాత కొడవలి పెట్టండి. కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకోండి. పొట్ట దశలో ఉన్న వరికి ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట పాములొస్తాయి. గట్ల మీది కన్నాలకు కుండతో పొగబెట్టే ఎలుకలవాళ్ళను పిలిపించడం విషపు గుళికల కంటే ఎంతో మంచిది. ఆ గుళికలు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ పోతుంది, వచ్చే ఏడు ఎలుకలు ఇంకా పెరుగుతాయి. కళ్ళం కాపలాకు వెళ్ళేవాళ్ళు నేల మీద పడుకోవద్దు. మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. కట్లపాము రాత్రిళ్ళు నిద్రలో ఉన్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. ఏ పాము కరిచినా తాడు బిగించొద్దు, కోయొద్దు, మంత్రం కోసం తిరగొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే మందు పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి తీసుకెళ్ళాలని వెంటబడి పొద్దు పోగొట్టుకోవద్దు.

ఇక మిగిలింది గడ్డి. నిజానికి ఇవాళ నేను మైకు ముందుకు రావడానికి ముఖ్య కారణం ఇదే. కోత మిషన్లు వచ్చాక చేతికోత తగ్గింది. కూలీలు దొరకనప్పుడు మిషను పెట్టుకున్న రైతును నేను తప్పుపట్టను. తుపాను ముంచుకొస్తుంటే ఎకరాలకెకరాలు ఒక్క పూటలో ఒడ్డెక్కించింది ఆ మిషనే. కానీ మిషను గడ్డిని నలిపి చెల్లాచెదురుగా వదిలేస్తుంది. మళ్ళీ చుట్టలు కట్టే యంత్రానికి డబ్బు పెడితే గానీ ఇంటికి చేరదు. వాన పడితే అక్కడే కుళ్ళుతుంది. చేతికోత పనల గడ్డి పొడుగ్గా, శుభ్రంగా ఉంటుంది, మేటు వేయడానికి అదే కుదురుతుంది.

మేటు వేసే చోటు ఇప్పుడే చదును చేసుకోవాలి. ఇంటికీ కరెంటు తీగలకీ దూరంగా, కొంచెం మెరక మీద తాటిమొద్దులు పరిచి, వాటి మీద కొబ్బరిమట్టలు అడ్డంగా వేస్తే అడుగు గడ్డికి చెమ్మ ఎక్కదు. గడ్డి బాగా ఎండాకే మేటు ఎక్కించాలి. పచ్చిగా వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది, మరీ ముదిరితే నిప్పు కూడా రాజుకుంటుంది. వేసేటప్పుడు నడిమి భాగం ఎప్పుడూ అంచుల కన్నా ఎత్తుగా ఉండాలి. అప్పుడు ప్రతి గడ్డిపరకా బయటికి వాలుగా ఉండి వాననీటిని జార్చేస్తుంది. నడుమ పల్లమైతే నీళ్ళన్నీ లోపలికే దిగుతాయి.

రెండో పైరు మినుముకూ ఈ చేతికోతకూ సంబంధం ఉంది. డెల్టాలో మినుములు నిలిచి ఉన్న వరిలోనే చల్లుతాం, కోతకు రెండు మూడు రోజుల ముందు, ఎకరానికి పదహారు కిలోల చొప్పున. తర్వాత దానికి నీరు పెట్టేదీ లేదు, దుక్కి దున్నేదీ లేదు. నేలలో మిగిలిన పదునూ రాత్రి కురిసే మంచూ తాగి ఆ పైరు పండుతుంది. మిషను చక్రాలు తొక్కిన చోట విత్తనం లోపలికి కూరుకుపోతుంది, గాళ్ళలో నీళ్ళు నిలిచి మొలక చస్తుంది. అందుకని ఇంట్లో గేదె ఉన్న ప్రతి రైతునూ నేను అడిగేది, మిషను వాళ్ళతో బేరం కుదుర్చుకునే ముందే, ఇంటికి దగ్గరగా ఉన్న ఒక మడిని చేతికోతకు విడిగా పెట్టుకోండి. ఆ మడికి కావలసిన కూలీలను ఇప్పుడే మాట్లాడుకోండి. విత్తనం తెచ్చి, పుచ్చు గింజలు ఏరించి, విత్తనశుద్ధి చేయించి పెట్టుకోండి. చల్లే రోజున ఎండెక్కి వరి ఆకుల మీది మంచు ఆరాక మడిలో దిగండి. గింజలు ఆకులకు అంటుకోకుండా నేరుగా నేలకు చేరతాయి.